ఇరవై రెండు అడుగులు

గనిలో నూట నలభై అడుగుల లోతున, చెవిని రాతికి ఆనించి నిలబడితే మొదట వినిపించేది మన గుండె చప్పుడే. అది సద్దుమణిగాక అవతలి సంగతులు తెలుస్తాయి. ఆ ఆదివారం నాకు తెలిసింది డ్రిల్లు మోత. మా డ్రిల్లు కాదు, ఆదివారం మాకు సెలవు. అది ఎల్లారెడ్డి గనిది. పోయిన నెలలో ఎక్కడో దోమ పాడినట్టు ఉండేది, ఇప్పుడు దవడ ఎముకలో అదురుతోంది.

మండలాలు కొత్తగా పుట్టి, వాటికి మొదటిసారి ఎన్నికలు వచ్చిన ఎండాకాలం అది. నేను సర్వేయర్ని. పులివెందులకూ చక్రాయపేటకూ నడుమ గుట్టల్లో తిమ్మారెడ్డి ముగ్గురాయి గనిలో ఉద్యోగం. ముగ్గురాయంటే బయటివాళ్ళు వాకిట్లో ముగ్గేసేదే అనుకుంటారు. పిండి తెల్లగానే ఉంటుంది గానీ చేటెడు ఎత్తితే నడుం పట్టుకుంటుంది. చమురు కోసం మైళ్ళ లోతు బావులు తవ్వేవాళ్ళు, అడుగునుంచి చమురూ గ్యాసూ ఒక్కసారిగా ఎగజిమ్మకుండా ఈ పిండిని బురదలో కలిపి బావి నిండా పోస్తారు. నీటికి నాలుగు రెట్ల పైన బరువు తూగితేనే కొంటారు. అరబ్బు దేశాల్లో జనం చావకుండా కాపాడే రాయి మాది అని నేను కొత్తవాళ్ళ దగ్గర గొప్పలు పోయేవాణ్ణి.

గుట్టకు ఈ పక్క తిమ్మారెడ్డి లీజు, ఆ పక్క ఎల్లారెడ్డి లీజు. ఇద్దరివీ వేరు వేరు పార్టీలు. రెండేళ్ళ కిందట మా సొరంగంలో తెల్లరాయి పట్టె హద్దు దగ్గరికి వచ్చేసరికి మనిషెత్తు మందమైంది. హద్దుకు ఇరవై అయిదు అడుగుల ఇవతలే ఆగాలన్నది చట్టం. తిమ్మారెడ్డి ఆగలేదు. హద్దు దాటి ఎనభై అడుగులు పోయి, రాయి సన్నబడేదాకా తోడుకున్నాడు. పటంలో మాత్రం చట్టం చెప్పిన చోటే ఆగినట్టు నేను గీశాను. కింద సంతకం పెట్టి సర్టిఫికెట్ నంబరు వేశాను. ఒక కాపీ గనుల ఇన్స్పెక్టరు ఆఫీసుకు పోయింది, అక్కణ్ణుంచి ఎల్లారెడ్డి మేనేజరుకూ ఒకటి చేరింది. ఎందుకు గీశావంటే, గీయమన్నారు గీశాను. రాయి తీసినచోట మిగిలేది ఖాళీయే కదా, ఖాళీ ఎవరిని కరుస్తుంది అనుకున్నాను.

ఆ ఖాళీ నిండింది. మొన్నటి తుఫానుకు వంక పొంగి, పాత బిలంలోంచి దిగి, దొంగ తవ్వకమంతా నీళ్ళయింది. మా పక్కకు రాకుండా మేం సిమెంటు గోడ కట్టుకున్నాం. అవతలి పక్క గోడ కట్టేవాళ్ళెవరూ లేరు. అక్కడ నీళ్ళున్నాయని తెలిసినవాళ్ళు అవతల ఎవరూ లేరు కాబట్టి. నా పటం ప్రకారం అక్కడ ఉన్నది గట్టి రాయి.

ఆ సాయంత్రమే థియోడలైటు భుజాన వేసుకుని గుట్టెక్కాను. ఎల్లారెడ్డి మనుషులు బయట పోసిన రాళ్ళ కుప్పను దూరంనుంచే కోణాలు పట్టి కొలిచాను. బయట కుప్ప ఎంతో తెలిస్తే లోపల ఎంత తవ్వారో లెక్క కట్టొచ్చు. మూడు కాళ్ళమీద గొట్టం పెట్టి తమ గనివైపు చూసేవాణ్ణి ఆ రోజుల్లో ఎవరైనా ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. అవతలి కాపలావాడు ఒడిసెల తిప్పాడు. రాయి నా మోకాలి పక్కనుంచి పోయింది. నేను ఆఖరి కోణం కూడా రాసుకునే దిగాను. అలాంటి వాటిల్లో నాకు ధైర్యం బాగానే ఉండేది.

లెక్క తేలింది. వాళ్ళ సొరంగానికీ నీళ్ళకూ నడుమ ఇరవై రెండు అడుగులు. రోజుకు ఒక బ్లాస్టింగు, మూడడుగులు. వారం. ఆ సొరంగంలో దిగేది పద్నాలుగు మంది. వాళ్ళలో మందు పెట్టి పేల్చే బ్లాస్టరు వెంకటేశు, నా చెల్లెలు అంకాలమ్మ మొగుడు.

సోమవారం పొద్దున్నే తిమ్మారెడ్డి దగ్గరికి పోయాను. అప్పటికి నాకు నేను శానా తెలివైనవాణ్ణని నమ్మకం. ఆయనకు గని కంటే చీనీ తోట, బయటివాళ్ళు బత్తాయి అంటారే, దాని మీద మోజు. బోర్లు ఎండిపోయి, తోటలో చెట్ల ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఆ నీళ్ళను తోడి తోటకు మళ్ళిస్తే నెలన్నర తడికి సరిపోతుందని, పైపులు ఎక్కడెక్కడ వేయాలో కాగితం మీద గీసి మరీ తీసుకుపోయాను. నీళ్ళు తగ్గితే అవతలివాళ్ళకు గండం తప్పుతుంది, దొంగతనం బయటపడదు, నా సంతకం క్షేమంగా ఉంటుంది. అందరికీ మేలు. ఆలస్యం చేస్తే వాళ్ళే నీళ్ళలోకి పేలుస్తారు, తోటకు చుక్క మిగలదని భయం కూడా పెట్టాను.

ఆయన చెట్టుకింద మంచమ్మీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు. కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. నీళ్ళకూ వాళ్ళకూ నడుమ రాయి ఎన్నడుగులుందని అడిగాడు, చెప్పాను. దినానికి ఎంతమంది దిగుతారని అడిగాడు. అదెందుకో నాకు అర్థం కాలేదు, అదీ చెప్పాను. నీళ్ళ లోతెంత అని అడిగినప్పుడు మాత్రం, ఈ ప్రశ్నలు తోట కోసం కాదని తెలిసింది.

"మనమేమన్నా చేస్తాండామా నాగప్పా?" అన్నాడు చివరికి, నెమ్మదిగా. "వాళ్ళ గని, వాళ్ళ మందు. వాళ్ళే పేల్చుకుంటాండారు. ఓట్లు ఇంకా పన్నెండు దినాలుండాయి. చీనీ చెట్లు ఎండితే మళ్ళా నాటుకుంటాలే."

నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మా చెల్లెలి మొగుడు అక్కడే పనిచేస్తాడని ఆయనకు గుర్తుంది. వెంకటేశును ఏదో ఒక వంకతో వారం దినాలు మా ఇంటికి పిలిపించుకోమన్నాడు. ఒక మనిషిని నాకు ఇచ్చేస్తున్నట్టు, తక్కిన పదమూడు మంది తనవాళ్ళయినట్టు మాట్లాడాడు. నేను దండం పెట్టి వచ్చేశాను. దండం పెట్టినందుకు ఇప్పటికీ సిగ్గే.

మా చెల్లెలి ఊరు రెండు మైళ్ళు. నామినేషన్లు వేసిన నాటినుంచి రెండూళ్ళకూ రాకపోకలు బందు. మా ఊరు తిమ్మారెడ్డిది, వాళ్ళ ఊరు ఎల్లారెడ్డిది. పెండ్లయినా చావయినా ఓట్లయ్యాకే అని పెద్దలు తీర్మానించారు. అయినా నా భార్య చిన్నసుబ్బమ్మ గాజులమ్మే పీరాంబీతో కబురు పెట్టింది, మా నాయనకు బాగలేదు, ఇద్దరూ రండి అని. గాజులామెను ఏ పార్టీవాళ్ళూ ఆపరు.

మంగళవారం మధ్యాహ్నం అంకాలమ్మ వచ్చింది. ఒక్కతే. ఎండలో గుట్ట చుట్టూ నడిచి, ముఖం కందిపోయి వచ్చింది. మా నాయన కాటమయ్య అప్పుడే గొర్లకు నీళ్ళు పెట్టి, దొడ్డి దగ్గర బీడీ కాలుస్తున్నాడు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాయన గుండ్రాయి మాదిరి ఉండాడు. ఎందుకు పిలిపిస్తివన్నా?" అంది.

వెంకటేశును వారం దినాలు పనికి పోనీయవద్దన్నాను. ఎందుకని అడిగింది. వద్దంటే వద్దు అన్నాను. ఏదన్నా కొట్లాట పెట్టుకున్నారా అని అడిగింది, కాదన్నాను. కారణం చెప్పకుండా పని మానెయ్యమంటే ఆ మనిషి మానేస్తాడా, ఓట్ల ముందు పని మానేస్తే ఇవతలి పార్టీకి అమ్ముడుపోయాడంటారు కదా, అంది. ఆమె మాట న్యాయమే. నాలుగు ముక్కలు చెప్తే చాలు. ఆ రాతి వెనక నీళ్ళున్నాయి అని. నోరు తెరిచాను కూడా. ఆమె వెనక గోడకు, దేవుని పటాల పక్కన, నా సర్వేయర్ సర్టిఫికెట్ వేలాడుతోంది. గొర్లు కాసే ఇంట్లో మొదటి కాగితం అది. మా నాయన దానికి అద్దం కట్టించాడు. పండగ వస్తే దేవుళ్ళతోపాటు దానికీ కుంకుమ బొట్టు పెట్టేవాడు.

నీళ్ళున్నాయని ఈమెకు చెప్తే, ఎట్లా వచ్చాయని అడుగుతారు. పొద్దుగూకేలోపల రెండూళ్ళకూ తెలుస్తుంది. తలలు పగులుతాయి. నాకు నేను చెప్పుకున్న కారణం ఇది. గురువారం దాకా ఆగుదాం, ఇవాళ పేల్చినాక కూడా పదహారు అడుగులుంటుంది కదా అనుకున్నాను. అంకాలమ్మ మజ్జిగ తాగి, సందెపడేలోపల చేరాలని లేచి పోయింది. వాకిలి దాటాక చిన్నసుబ్బమ్మ నా వైపు చూసిన చూపుకు నేను తల తిప్పుకున్నాను.

బుధవారం ఏం చేశానో నాకు గుర్తులేదని చాలామందికి చెప్పాను. అది అబద్ధం. ఆఫీసు గదిలో తలుపేసుకుని, సంతకం పోకుండా పని జరిగే దారి ఏదన్నా ఉందేమోనని చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం అయిదింటికి అవతల బ్లాస్టింగు పేలింది. బల్లమీది సిరాబుడ్డి కదిలింది.

గురువారం కోసం ఆగడానికి ఒక ఆధారం ఉంది. డ్రిల్లు చువ్వలు రెండు దినాలకే మొద్దుబారతాయి. వాటికి మొన పెట్టే పనివాడు ఆ చుట్టుపక్కల దస్తగిరి ఒక్కడే, పులివెందుల బస్టాండు వెనక కొలిమి. రెండు గనుల చువ్వలూ అక్కడికే రావాలి. దస్తగిరి కొలిమిలో ఏ పార్టీ వాడూ ఏ పార్టీ వాణ్ణీ ఒక్క మాట అనకూడదన్నది ఎవరూ రాయని కట్టుబాటు. అన్నవాడి చువ్వలు వారం దినాలు అట్లే పడి ఉంటాయి. ఎల్లారెడ్డి గనిలో కూలీల పని చూసే మేట్ హుమాయున్ ప్రతి గురువారం అక్కడికి వస్తాడు. నేను డిప్లొమా చదివి వచ్చిన కొత్తలో పై రాయిని తట్టి దాని గట్టిదనం చూడడం నాకు నేర్పింది ఆయనే. అప్పట్లో ఆయన మా గనిలో ఉండేవాడు.

కొలిమి తిత్తి మోతలో ఆయన చెవి దగ్గర అంతా చెప్పాను. దొంగ తవ్వకం, నీళ్ళు, లెక్క. ఎవరు చెప్పారో బయటికి రానీయకుండా పని ఆపించమన్నాను. ఆయన కాలుతున్న చువ్వ వైపే చూస్తూ విన్నాడు. మొహంలో ఏమీ మారలేదు, చేతిలోని టీ గ్లాసు మాత్రం కింద పెట్టాడు.

"ఏమని ఆపిచ్చల్లప్పా?" అన్నాడు. "తిమ్మారెడ్డి సర్వేయరు చెవిలో చెప్పినాడనా? ఓట్ల ముందర మనల్ని తెల్లరాయి కాడికి రానీకుండా చేస్తాండారంటాడు మా రెడ్డి. మేనేజరు గోడకు నీ పటం ఉంది. దాంట్లో ఆడ గట్టిరాయని నువ్వే రాసినావు. నీ సంతకం కంటే నీ మాట పెద్దదా?"

ఆయనే ఒక దారి చెప్పాడు, డ్రిల్లుకు గాలి కొట్టే కంప్రెసరు చెడిందని చెప్పి శుక్రవారం ఒక్క దినం నెట్టుకొస్తానని, అంతకంటే తన చేతిలో లేదని. నిజం పటం కావాలి, సంతకంతో.

"ఒక్కటి అడుగుతా. ఈ లెక్క నువ్వు ఎప్పుడు కట్టినావు?"

ఆదివారం అన్నాను. ఆయన చువ్వలు కట్ట కట్టుకుని బస్సెక్కాడు.

శుక్రవారం పొద్దున పాత ఫీల్డు బుక్కు తీశాను. హద్దు దాటిన ప్రతి కొలతా అందులో ఉంది. కాగితానికి అబద్ధం చెప్పాను గానీ ఫీల్డు బుక్కుకు ఎన్నడూ చెప్పలేదు, అదేం పట్టింపో. కొత్త కాగితం మీద ఎనభై అడుగులూ గీశాను. నీళ్ళు నిలిచిన తవ్వకానికి నీలం రంగు పూయాలి, పూశాను. పాత పటం తప్పని, తెలిసే చేశానని, ఫలానా ఆదివారం అపాయాన్ని లెక్క కట్టానని పక్కనే రాశాను. తేదీ మార్చాలని చేయి లాగింది. మార్చలేదు. రంగు ఆరేదాకా చిన్నసుబ్బమ్మ కాగితం అంచులు పట్టుకుని కూర్చుంది. ఆరాక సంతకం పెట్టాను.

ఒకటి హుమాయున్‌కు పీరాంబీ గాజుల బుట్టలో పోయింది. రెండోది నేనే ఇన్స్పెక్టరు ఆఫీసుకు తీసుకుపోయాను, ఒక పగలంతా బస్సు. వెళ్ళే ముందే నా భార్యను ప్రొద్దుటూరులో వాళ్ళ పెదనాన్న ఇంట్లో దించాను. మా నాయన రానన్నాడు. జీవాలను విడిచిపెట్టి ఎక్కడికీ రాడట.

తర్వాతి సంగతులు హుమాయున్ చెప్పగా విన్నవే. శనివారం మేనేజరు పటాన్ని చూసి, తిట్టి, అయినా బ్లాస్టింగు ఆపాడు. ముందు పొడుగాటి చువ్వతో ఒక్క బెజ్జం వేసి చూడమన్నాడు. వెంకటేశే డ్రిల్లు పట్టాడు. అయిదో అడుగుకు చువ్వ చేతుల్లోంచి ఎగిరిపోయింది. బొటనవేలంత బెజ్జంలోంచి వచ్చిన నీళ్ళు ఎదురుగా ఉన్న ట్రాలీని పట్టాల మీదినుంచి నెట్టేశాయి. వెంకటేశుకు భుజం ఎముక తప్పింది. అందరూ నడుచుకుంటూ బయటికి వచ్చారు.

అయిదు అడుగులు. నా లెక్క ప్రకారం ఇంకా పది ఉండాలి. వాళ్ళు సగం రాయిని బయటికి తేకుండా లోపలి పాత గుంతల్లోనే నింపుకుంటున్నారు. బయట కుప్పను కొలిచి నేను లోపలి సంగతి చెప్పాను. హుమాయున్ కంప్రెసరు చెడిందని చెప్పకపోయి ఉంటే, శుక్రవారం బ్లాస్టింగుకు ఆ గోడ రెండడుగులకు వచ్చేది. అంత నీటిని రెండడుగుల రాయి ఆపదు. ఈ మాట విన్నప్పుడు నేను ప్రొద్దుటూరు బస్టాండులో ఉన్నాను. అక్కడే అరుగుమీద కూర్చుని ఆ తీసివేతను మళ్ళీ మళ్ళీ వేశాను. చెప్పులు కుట్టే ముసలాయన నీళ్ళిచ్చాడు.

తిమ్మారెడ్డి మా ఇంటి తలుపులూ కిటికీలూ దూలాలూ పీకించుకుపోయాడు. నలభై గొర్లను పట్టపగలే తోలుకుపోయారు. మా నాయన్ను ఎవరూ ఏమీ చేయలేదు, ఒక చేతికర్రతో ప్రొద్దుటూరు బస్సు ఎక్కించారు. ఆయన వచ్చి నా సర్టిఫికెట్ గురించి అడిగాడు. రద్దు చేశారని చెప్పాను. అద్దం కూడా ఇంట్లోనే పోయిందిలే అన్నాడు. ఆ మండలంలో ఎవరు గెలిచారో నేను కనుక్కోలేదు. జమ్మలమడుగు దారిలో నాపరాళ్ళ క్వారీలో బండల కొలతలు రాసే పని దొరికింది. ఆ పనికి సంతకం అక్కర్లేదు.

ఎండలు తగ్గుముఖం పడుతుండగా ఒక రోజు అంకాలమ్మ వచ్చింది. మళ్ళీ ఒక్కతే. వెంకటేశు చేయి ఇంకా పైకి లేవడం లేదంది. చిన్నసుబ్బమ్మ సంగటి పెట్టింది, ఇద్దరూ కూర్చుని తిన్నారు, పిల్లల మాటలూ ధరల మాటలూ మాట్లాడుకున్నారు. మా నాయన పక్కన కాసేపు కూర్చుంది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆమె చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"నీ కాగితం మా ఆయనకు చదివినిపించినారన్నా. ఆదివారమే తెలుసునని రాసినావంట."

అవునన్నాను.

"నేను మంగళారం నీ ఎదురుగా కూర్చుంటి. సోమారం, మంగళారం, బుధారం, బేస్తవారం దినామూ సద్ది కట్టిచ్చి పంపిస్తి. ఆ నాలుగు దినాలు ఏం జేస్తాంటివి?"

ఎన్నో చెప్పొచ్చు. రెండూళ్ళ తలలు, తిమ్మారెడ్డి, హుమాయున్ గురువారం. అన్నీ కొంతకొంత నిజమే. కానీ ఆమె ముందు మంగళవారం ఒకసారి నోరు మూసుకున్నాను, రెండోసారి నా వల్ల కాలేదు.

"సర్టిఫికెట్ పోతుందని," అన్నాను.

అంకాలమ్మ తల ఊపింది. నేను ఏడుస్తాననుకుందో ఏమో, అటువైపు తిరిగి పైటకొంగు ముడి విప్పి మళ్ళీ బిగించుకుంది.

"ఆయన అదే అడిగి రమ్మన్నాడు," అంది. "మా అన్న తిమ్మారెడ్డికి భయపడినాడని చెప్తాలే. భయమంటే ఆయనకూ తెలుసు, వస్తాడు ఒక పొద్దు. నువ్వు మాత్రం ఆయనకు నిజం చెప్పొద్దన్నా."

పులివెందుల బస్సు నాలుగింటికి. బస్టాండు దాకా తోడు వెళ్ళాను, కిటికీ పక్క సీటు పట్టిచ్చాను.